పక్కింట్లో కుక్కను సరిగ్గా చూసుకోవట్లేదు: మాట్లాడాల్నా, కంప్లైంట్ ఇయ్యాల్నా, గమ్మునుండాల్నా

మార్చి దాటిందంటే అనంతపురంలో ఈ ప్రశ్న శానామందికి వస్తుంది, ఎందుకంటే చలికాలంలో కంటికి ఆనని కష్టం ఎండాకాలంలో ఆనుతుంది. పక్కింటి మిద్దె మీద రేకుల కింద ఒక లాబ్రడార్ కట్టేసి ఉంటుంది, గిన్నె బోర్లా పడి ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికి అది నాలుక బయటేసి రొప్పుతా ఉంటుంది, మనం లోపల కూలర్ ముందు కూర్చున్నా ఆ అరుపు వినపడుతూనే ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఒకరు పోలీసులకు చెప్పు అంటారు, ఇంకొకరు మనకెందుకప్పా ఊరి గొడవ అంటారు, పిల్లలేమో వీడియో తీసి ఇన్‌స్టాలో పెడదాం అంటారు. అన్నీ దారులే, కాదనను, కానీ ఒక్కోదాని ఫలితం ఒక్కోరకం, కొన్నింటి దెబ్బ మనకు కాదు, కుక్కకు తగులుతుంది.

ఏ దారి మంచిదో చూసుకోవడానికి నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఈ పని చేసినాక రేపు పొద్దున ఆ కుక్క యాడ ఉంటుంది, నేను ఆ గేటు దగ్గరికి పోయి మళ్లీ మాట్లాడగలనా. ఇది ఎందుకు ముఖ్యమంటే మన ఊర్లో పెంపుడు కుక్కను లాక్కొని తీసుకుపోయి పెట్టేదానికి జాగా లేదు. పుట్టపర్తిలో కరుణ సొసైటీ ఉంది, 2000 నుంచి జంతువుల కోసం పనిచేస్తా ఉంది, మంచి పేరుంది, కానీ అది అనంతపురం నుంచి ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, పైగా ఇట్లాంటి చోట్ల ఎప్పుడూ దెబ్బలు తగిలినవి, యాక్సిడెంట్ అయినవే నిండి ఉంటాయి, ఫోన్ చేసి అడగకుండా కుక్కను బండెక్కించుకొని పోతే ఎవరూ తీసుకోలేరు. కాబట్టి నూటికి తొంభై కేసుల్లో ఆ కుక్క ఆ ఇంట్లోనే, ఆ మనుషుల చేతుల్లోనే ఉంటుంది. వాళ్లకూ మనకూ మాట తెగిపోతే గోడ మీదనుంచి ఒక చెంబు నీళ్లు పోసే దారి కూడా మూసుకుపోతుంది.

ముందు నిజంగా పట్టించుకోవట్లేదా, మనకట్ల అనిపిస్తోందా

ఇది తేల్చుకోకుండా ఏ దారీ పట్టుకోవద్దు. బక్కగా ఉన్న ప్రతి కుక్కకూ తిండి పెట్టట్లేదని కాదు. మన నాటు కుక్క ఒళ్లే సన్నం, డొక్కలు కొంచెం కనపడటం దానికి మామూలే, అదే లాబ్రడార్‌కో పగ్‌కో నడుం ఎముకలు తేలి కనపడుతున్నాయంటే ఆలోచించాల. ముసలి కుక్క ఎంత తిన్నా ఒంటికి పట్టదు, పిల్లలకు పాలిచ్చే తల్లి కూడా చిక్కిపోతుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, అదే టిక్ ఫీవర్, మన వేడి ఊర్లలో శానా ఎక్కువ, అది పట్టిన కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు తెల్లబడతాయి, కొన్నింటికి ముక్కులోనుంచి రక్తం కూడా వస్తుంది, బయటనుంచి చూసేవాళ్లకు మాత్రం పస్తులు పెడుతున్నట్టే కనపడుతుంది. ఒంటిమీద వెంట్రుకలు ఊడి గజ్జిలా ఉన్నదానికి ఆ ఇంటోళ్లు నెలల నుంచి మందు వాడుతూ ఉండొచ్చు, కొన్నిరకాల గజ్జి తగ్గేదానికి అంత టైం పడుతుంది. ఒట్టి అన్నం మజ్జిగ పెట్టడం, రాగి సంగటి పెట్టడం నేరం కాదు, అది సరిపోని తిండి కావచ్చు అంతే. పెడిగ్రీ లాంటి ప్యాకెట్ తిండి కొనలేని ప్రతి ఇల్లూ కుక్కను హింసపెట్టే ఇల్లయితే మన వీధిలో ఎవరూ మిగలరు.

మరి చూడాల్సిందేంది అంటే, గొలుసు. ఎంత పొడుగుంది, రోజులో ఒక్కసారైనా విప్పుతారా, కుక్క నీడలోకి జరగగలుగుతుందా, పడుకున్న చోటే దొడ్డికి పోతోందా. మెడ పట్టీ కింద పుండు ఉందా, ఈగలు ముసురుతున్నాయా, పుండులో పురుగులు పడితే అది చాలా తొందర పని. గోళ్లు పెరిగి వంకర తిరిగినాయంటే నడిపించట్లేదని అర్థం. నీళ్ల గిన్నె పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి, ఒక్కరోజు కాదు, వారం చూడండి. ఒక్కరోజు ఖాళీగా ఉంటే మరిచిపోయినట్టు, రోజూ ఖాళీగా ఉంటే అది అలవాటు. చూసింది ఫోన్లో తేదీతో రాసుకోండి, మీ మిద్దె మీదనుంచో రోడ్డు మీదనుంచో కనపడేదే ఫోటో తీయండి, వాళ్ల కిటికీలోకి, ఆడవాళ్లు తిరిగే వాకిట్లోకి ఫోన్ పెడితే కుక్క సంగతి పోయి మీ సంగతి పంచాయతీకి వస్తుంది.

ఎవరింట్లో, ఎందుకు

మన ఊర్లో ఈ సమస్య ఎట్ల పుడుతుందో చూస్తే సగం జవాబు ఆడనే దొరుకుతుంది. రామ్‌నగర్, సాయినగర్ లాంటి చోట్ల నేను ఎక్కువ చూసేది బెంగళూరు కుక్కలు. కొడుకు ఆడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా ముచ్చటపడి ఒక గోల్డెన్ రిట్రీవర్‌నో హస్కీనో కొంటాడు, పెళ్లయితుంది, ఫ్లాట్ మారుతాడు, కొత్త ఓనర్ ఒప్పుకోడు, కుక్క వచ్చి అనంతపురంలో అమ్మా నాయన దగ్గర పడుతుంది. ఆ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, పెద్దాయనకు షుగర్, ముప్పై కిలోల కుక్క ఒక్క లాగు లాగితే ఇద్దరూ కింద పడతారు, అందుకే కట్టేస్తారు, కట్టేసినాక విప్పలేరు. వాళ్లు దాన్ని ద్వేషించట్లేదు, వాళ్ల వల్ల కావట్లేదు. ఇట్లాంటి ఇంటిమీద కంప్లైంట్ ఇస్తే ఏమవుతుంది చెప్పండి, కొడుకు శనివారం రాత్రి బస్సు దిగి వచ్చి, ఆదివారం సాయంత్రానికి కుక్కను ఎవరికో ఇచ్చేసి పోతాడు, ఎవరికిచ్చినాడో ఎవరూ అడగరు. ఈడ పని చేసేది సాయం. వీధిలో ఇంటర్ చదివే పిల్లోడు ఎవడన్నా ఉంటే పొద్దున సాయంత్రం తిప్పేదానికి మాట్లాడిపెట్టండి, నెలకు ఇంతని కొడుకు ఫోన్‌పే చేస్తాడు, చేయనన్న కొడుకును నేనింకా చూడలేదు, సిగ్గు ఉంటుంది కదా.

రెండో రకం స్టూడెంట్ రూములు. జేఎన్‌టీయూ చుట్టుపక్కల, ఎస్కే యూనివర్సిటీ వైపు నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక కుక్కపిల్లను తెచ్చుకుంటారు, పరీక్షలైపోయి సెలవులు వస్తే ఎవరి ఊరికి వాళ్లు పోతారు, నువ్వు తీసుకుపోతావనుకున్నా అంటే నువ్వు తీసుకుపోతావనుకున్నా అనుకుంటారు. వీళ్లతో నేరుగా మాట్లాడితే వింటారు, వినకపోతే ఇంటి ఓనర్‌తో చెప్పిస్తే తప్పకుండా వింటారు. మూడోది గోడౌన్లు, కొత్తగా కడుతున్న ఇండ్ల దగ్గర కాపలాకి కట్టేసిన కుక్కలు, యజమాని యాడనో ఉంటాడు, వాచ్‌మన్ మారిపోతా ఉంటాడు, ఈడ బతిమాలేదానికి ఎదురుగా మనిషే ఉండడు, కాబట్టి కంప్లైంట్ దారి తొందరగా పట్టాల్సి వస్తుంది. ఇంక నాలుగోది, నిజంగానే కొట్టేవాళ్లు, తాగొచ్చి కుక్కను తన్నేవాళ్లు. వీళ్లు తక్కువే, కానీ వీళ్ల దగ్గర తీపి మాటలతో టైం వేస్ట్ చేయొద్దు.

నేరుగా మాట్లాడటమా, మధ్యలో ఒకరిని పెట్టుకోవడమా

ముందు నుంచీ పలకరింపులు ఉన్న ఇల్లయితే నేరుగా పోండి, కానీ పోయే టైం, మాట మొదలుపెట్టే తీరు చూసుకోండి. ఎండలో కుక్క అరుస్తా ఉన్నప్పుడు కోపంలో పోవద్దు, సాయంత్రం ముగ్గు వేసే టైంలోనో వాకింగ్‌లో కలిసినప్పుడో ఎత్తండి, నలుగురి ముందర అసలే వద్దు. మన సీమలో మాట పడటం అంటే ఎట్లుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు, పక్కన ఇంకో ఇద్దరుంటే తప్పు ఒప్పుకునేవాళ్లు కూడా ఒప్పుకోరు. "వదినా, మీ రాకీ మధ్యాహ్నం పూట శానా అరుస్తా ఉంది, గిన్నె తంతుందేమో బోర్లా పడుతోంది, నేను పైపు పెట్టి ఈ పక్కనుంచి నీళ్లు పోసేదా" అని అడిగి చూడండి, నూటికి ఎనభై మంది పోయ్యమ్మా అంటారు. అదే "మీకు పెంచడం చేతకాకపోతే ఎందుకు తెచ్చుకున్నారు" అన్నామంటే ఆ తర్వాత గోడ ఇంకో రెండడుగులు లేస్తుంది.

మాటల్లేని ఇల్లు, లేదా ఇంతకు ముందే నీళ్ల దగ్గరో పార్కింగ్ దగ్గరో గొడవ పడిన ఇల్లయితే మీరు పోవద్దు. మీరేం చెప్పినా ఆ పాత గొడవే వినపడుతుంది. అప్పుడు మధ్యలో ఎవరుండాల? అద్దె ఇల్లయితే ఓనర్, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ప్రెసిడెంట్, వీధిలో అందరూ అన్నా అని పిలిచే పెద్దమనిషి, వీళ్లు ముగ్గురూ పనికొస్తారు కానీ ఓనర్‌కూ అసోసియేషన్‌కూ ఒక గుణం ఉంది, వాళ్లు కుక్కను బాగా చూసుకోండి అని చెప్పరు, కుక్కను తీసేయండి అని చెప్తారు. మీకు కావాల్సింది అది కాదు కదా. అందుకే వాళ్ల దగ్గరికి పోయేటప్పుడు అడిగేది సూటిగా చెప్పండి, నీడ కావాల, నీళ్లు కావాల, రోజూ కొంచెంసేపు విప్పాల అని.

నన్నడిగితే వీళ్లందరికంటే మంచి మధ్యవర్తి పశువుల డాక్టర్. ఎట్ల తీసుకుపోవాల అంటారేమో, దానికి సాకులు దొరుకుతాయి. జూలై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల రోజు, సెప్టెంబర్ 28న రేబిస్ డే, ఆ తేదీల్లో పశుసంవర్ధక శాఖ వాళ్లు పశువుల ఆస్పత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ సూది ఉచితంగా వేసే క్యాంపులు పెడుతుంటారు. "అక్కా, రేపు సూది ఫ్రీగా వేస్తారంట, మా దాన్ని తీసుకొని పోతాండా, మీ దాన్ని కూడా ఆటోలో వేసుకొని పోదామా" అంటే ఎవరు కాదంటారు. టేబుల్ మీద పెట్టినాక డాక్టరే చూస్తాడు, మెడ కింద పుండు, చిగుళ్లు, గోళ్లు, బరువు, అన్నీ ఆయనే అడుగుతాడు, "ఏమమ్మా ఇట్ల ఎండిపోయింది, నీళ్లు పెట్టట్లేదా" అని డాక్టర్ అంటే అది సలహా, మనం అంటే నింద. పైగా రేపు కంప్లైంట్ దాకా పోవాల్సి వస్తే ఆ ఆస్పత్రి ఓపీ చీటీ పనికొస్తుంది. ప్రొద్దుటూరు వైపు ఉండేవాళ్లకు ఆడ వెటర్నరీ కాలేజీనే ఉంది, వెంకటేశ్వర వెటర్నరీ యూనివర్సిటీది, కడప జిల్లావాళ్లు గుర్తుపెట్టుకోండి. 1962 నంబర్ గురించి కూడా అడుగుతుంటారు, అది ముఖ్యంగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసం ఊర్లకు వచ్చే వ్యాన్, పక్కింటోళ్లు కుక్కకు నీళ్లు పెట్టట్లేదని దానికి ఫోన్ చేస్తే పని జరగదు.

మనమే తిండి నీళ్లు పెట్టేద్దామా

శానామంది మనసు ఈడనే ఆగుతుంది, గొడవ లేదు, పుణ్యం ఉంది. నీళ్ల వరకు నేను కూడా ఇదే చెప్తా. స్టీలు గిన్నె ఎండకు కాలిపోతుంది, ప్లాస్టిక్ది తన్నేస్తుంది, నర్సరీల దగ్గర దొరికే చిన్న సిమెంట్ తొట్టి ఒకటి కొనిచ్చేయండి, బరువుకు బోర్లా పడదు, నీళ్లు చల్లగా ఉంటాయి, ఇచ్చేటప్పుడు "మా ఇంట్లో పక్షులకని రెండు తెచ్చినా, ఒకటి ఎక్కువైంది" అని ఇస్తే వాళ్ల మర్యాదకూ దెబ్బ ఉండదు. ఈ చిన్న అబద్ధానికి ఏ దేవుడూ ఏమనడు.

తిండి మాత్రం వేరే కథ. ఇంటోళ్లకు చెప్పకుండా ఏదీ వేయొద్దు. రేపు ఆ కుక్క వాంతులు చేసుకుంటే మొదటి అనుమానం మీ మీదనే, దొంగలు మందు కలిపి వేసి కుక్కను పడేసిన కథలు అందరూ వినే ఉంటారు. పైగా మనం ప్రేమగా వేసేదాంట్లోనే కుక్కకు పడనివి ఉంటాయి, ఉల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష వేసిన పాయసం ఇవన్నీ దానికి విషంతో సమానం, ఉడికిన కోడి ఎముక పుల్లల్లాగ చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఆకలిగా ఉన్న కుక్కకు ఒక్కసారే కడుపు నిండా వేయడం కూడా మంచిది కాదు, కొంచెం కొంచెం.

ఇంకోటి, కట్టేసిన కుక్క పరిచయమున్నా కరుస్తుంది. రోజంతా అదే నాలుగడుగుల్లో ఉండి ఉండి దానికి ఆ జాగా కోట అయిపోతుంది, తోక ఊపుతా ఉన్నదే చెయ్యి పెట్టగానే పట్టేస్తుంది. గోడ మీదనుంచి పైపుతో నీళ్లు పట్టండి, లోపలికి చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని అసలే పంపొద్దు. కరిస్తే, గీరినా సరే, సబ్బు పెట్టి పంపు కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు గవర్నమెంట్ ఆస్పత్రికి పోండి, సూది ఆడ ఉచితమే, మొదటిది వేయించుకొని మిగతావి మానేయొద్దు.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు తెలుసుకోవాల్సింది

చట్టం ఉంది, 1960 నాటిది, జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం. దాంట్లో 11వ సెక్షన్ చదివితే మన పక్కింటి కథే రాసినట్టు ఉంటుంది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువు గొలుసుతోనో గంటలకొద్దీ కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం, యజమాని అయ్యుండి సరిపడా తిండి నీళ్లు నీడ ఇవ్వకపోవడం, వదిలేసి పోవడం, ఇవన్నీ నేరాలే. మరి శిక్ష ఎంతంటే నవ్వొస్తుంది, మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా, మూడేండ్ల లోపల మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద, లేదంటే మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాభై రూపాయలకు ఇప్పుడు ఉగ్గాని బజ్జి తిని టీ తాగితే చిల్లర కూడా మిగలదు.

దీనికి తోడు ఈ 11వ సెక్షన్లో తిండి, గొలుసు లాంటివి పోలీసులు కోర్టు అనుమతి లేకుండా తమంతట తాము దర్యాప్తు చేసే రకం నేరాలు కావు. అందుకే స్టేషన్‌కు పోతే మీకు ఎఫ్‌ఐఆర్ రాదు, ఎస్సై వాళ్లను పిలిపించి నాలుగు మాటలు చెప్పి పంపుతాడు. ఇది తెలియక పోయినవాళ్లు పోలీసులు పట్టించుకోలేదని తిట్టుకుంటారు. కానీ ఆ పిలిపించడమే కొన్ని ఇండ్లకు సరిపోతుంది, ముఖ్యంగా నేను పైన చెప్పిన గోడౌన్ యజమానులకు. బెంగళూరు కొడుకు ఇంటికి మాత్రం పోలీసును పంపితే మీరు ఆ పెద్దమ్మకు జన్మలో మొహం చూపించలేరు.

వేరే రకం కేసు కూడా ఉంది. కుక్కను చంపినా, విషం పెట్టినా, కాలు విరగ్గొట్టి పనికిరాకుండా చేసినా అది 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందికి వస్తుంది, ఐదేండ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అట్లాంటిది కళ్లారా చూస్తే ఆలోచించొద్దు, ఎమర్జెన్సీ నంబర్ 112కు ఫోన్ చేయండి, స్టేషన్లో రాసివ్వండి, ఎఫ్‌ఐఆర్ అడగండి.

కాగితం ఎట్ల రాయాలంటే, కోపం తీసేసి రాయాల. ఏ రోజు, ఏ టైంకి, యాడనుంచి చూసినారు, ఏం చూసినారు, ఫోటోలు ఉన్నాయి, ఇంతే, రాక్షసులు అని రాయొద్దు. ఒక కాపీ పశువుల ఆస్పత్రి డాక్టర్‌కు ఇవ్వండి, ఆయన వచ్చి చూసి రాసిచ్చే రిపోర్టుకు విలువ ఎక్కువ. రూల్స్ ప్రకారం ప్రతి జిల్లాలో జంతు క్రూరత్వ నిరోధక సంఘం ఉండాల, దానికి పెద్ద కలెక్టరే, కాబట్టి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇస్తే అది ఏ శాఖకు పోవాల్నో రాసి పంపుతారు, మీకు రసీదు ఉంటుంది. ఈ చట్టం కింద కేసు పెట్టాలంటే జరిగిన మూడు నెలల లోపలే పెట్టాల, 36వ సెక్షన్ అట్ల చెప్తుంది, పోయిన దసరాకు జరిగింది ఉగాదికి గుర్తు చేసుకుంటే లాభం లేదు. మున్సిపాలిటీ సంగతి అడుగుతారు, వాళ్ల కుక్కల పని అంతా వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి మళ్లీ అదే వీధిలో వదిలేయడం, ఇంట్లో కట్టేసిన కుక్కకు వాళ్లు రారు.

ఈ రెండూ వద్దు

ఒకటి వీడియో. పక్కింటి గేటు, ఇంటి నంబర్, మనిషి మొహం కనపడేట్టు తీసి వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో వదిలితే సాయంత్రానికి వెయ్యిమంది తిడతారు, మీకు బాగుంటుంది, కానీ పరువు పోయిన ఇల్లు కుక్కను బాగా చూసుకోదు, వదిలించుకుంటుంది. బెంగళూరు హైవే మీద, అదే 44వ నంబర్ రోడ్డు మీద, మెడలో పట్టీ ఉండి దిక్కులు చూస్తా తిరిగే కుక్కలు ఊరికే రాలేదు ఆడికి. తీసిన వీడియో దాచుకోండి, డాక్టర్‌కు చూపించండి, పోలీసుకు చూపించండి, అంతవరకే.

రెండోది రాత్రిపూట గొలుసు విప్పేయడం, లేదా ఎత్తుకొని వచ్చేయడం. చట్టం దృష్టిలో కుక్క వాళ్ల ఆస్తి, ఎంత మంచి మనసుతో తెచ్చినా దొంగతనం కేసు పెట్టగలరు, ఆ రోజుతో తప్పు వాళ్లది కాదు, మీది అవుతుంది. విప్పి వదిలేస్తే ఇంకా ఘోరం, రోడ్డు ఎట్ల దాటాల్నో దానికి తెలియదు, వీధి చివర నాలుగు కుక్కలు ఉంటాయి, వాటి హద్దులోకి పోతే చీల్చేస్తాయి.

ఇవేవీ ఆలోచించకుండా కదలాల్సిన టైం

ఎండదెబ్బ. పైన చెప్పిన దారులన్నీ వారాల పని, ఇది నిమిషాల పని. కుక్క ఒంటి వేడి మామూలుగానే మనకంటే ఎక్కువ, 38 నుంచి 39 డిగ్రీలు ఉంటుంది, 41 దాటితే లోపల అవయవాలు దెబ్బతింటాయి. దానికి మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి రొప్పి వేడి తగ్గించుకోవాల, మన ఊర్లో గాలే మండిపోతా ఉంటే ఆ రొప్పడం కూడా పనిచేయదు. హస్కీలు, ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌లు, లావెక్కినవి ముందు పడిపోతాయి. చిక్కటి సొంగ కారుతా ఉంటే, చిగుళ్లు ఎర్రగా అయిపోతే, నిలబడితే తూలుతుంటే, వాంతి చేసుకొని పక్కకు ఒరిగితే వాళ్లకు ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఇంకో ఇద్దరు పక్కింటోళ్లను పిలవండి, అందరూ చూస్తుండగా లోపలికి పోండి, పోయేముందు వాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి, "మీ కుక్క పడిపోయింది, నీళ్లు పోసేదానికి గేటు తీస్తున్నాం" అని. ఇల్లు తాళం వేసి ఎవరూ దొరక్కపోతే 112.

నీడలోకి లాగి పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద నీళ్లు పోయండి, ఫ్యాన్ ఉంటే పెట్టండి, లేకపోతే అట్టముక్కతో విసరండి. ఈడ ఒక జాగ్రత్త, మిద్దె మీద సింటెక్స్ నీళ్లు ఏప్రిల్, మేలో మధ్యాహ్నం పూట చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి, సంపులోవో లోపల డ్రమ్ములోవో తీసుకోండి. ఐస్ ముక్కలు రుద్దొద్దు, ఐసు నీళ్లలో ముంచొద్దు, తడిగుడ్డ ఒంటిమీద కప్పి అట్లే వదిలేయొద్దు, వేడి బయటికి పోదు. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచి నిలబడినా సరే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాల్సిందే, లోపలి దెబ్బ మరుసటి రోజు బయటపడొచ్చు. ఇది అయిపోయినాక వాళ్లతో మాట్లాడండి చూద్దాం, ఆ రోజు వాళ్లు వింటారు. వేసవిలో వెంట్రుకలు మొత్తం గొరిగించేద్దాం అంటారు, హస్కీలకు రెండు పొరల వెంట్రుకలు ఉంటాయి, గుండు చేస్తే చర్మం ఎండకు కాలుతుంది, దువ్వమని చెప్పండి చాలు.

చిలకలు, తాబేళ్లు అయితే కథ వేరు. పంజరంలో మన రామచిలకను పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, నక్షత్ర తాబేలు కూడా అంతే, కాబట్టి బాగా చూసుకోండని చెప్పే ప్రశ్నే రాదు, ఫారెస్ట్ ఆఫీసుకు చెప్పడం ఒక్కటే దారి. మీరే పంజరం తీసి ఎగరేయొద్దు, రెక్కలు కత్తిరించి ఉంటారు, పిల్లికి దొరుకుతుంది. లవ్ బర్డ్స్ మన దేశపు పక్షులు కావు, వాటికి ఈ నిషేధం లేదు.

"అంత ప్రేముంటే నువ్వే తీసుకుపో" అంటే

అంటారు, ఏదో ఒకరోజు తప్పకుండా అంటారు, కోపంలో కొందరు, నిజంగానే చేతకాక కొందరు. ఆ మాటకు జవాబు ముందే ఇంట్లో అనుకొని పెట్టుకోండి. మనమే తీసుకోగలమా, ధర్మవరంలోనో గుత్తిలోనో తోట ఉన్న బంధువులు ఉన్నారా, తెలిసినవాళ్లలో కుక్క కోసం చూస్తున్నవాళ్లు ఉన్నారా. ఏదీ లేకపోతే "నెలరోజులు టైం ఇవ్వన్నా, మంచి ఇల్లు చూస్తా, అంతవరకు నీళ్లు నేను చూసుకుంటా" అని చెప్పండి, ఊరికే పౌరుషానికి పోయి ఆ క్షణమే గొలుసు పట్టుకోవద్దు.

తీసుకునేటట్టయితే ఒక తెల్లకాగితం మీద నా ఇష్టప్రకారం ఇచ్చేస్తున్నా అని రెండు లైన్లు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించుకోండి, టీకాల కార్డు ఉంటే అడగండి. ఇంటికి తెచ్చేముందే డాక్టర్‌కు చూపించి పిడుదులకు, పురుగులకు మందు వేయించండి, మీ ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండు వారాలు కలవనీయొద్దు. కొన్నాళ్లు దాన్ని ఆ పాత గేటు ముందు నుంచి వాకింగ్‌కు తీసుకుపోవద్దు, ఎంత కష్టపడిన ఇల్లయినా సరే లోపలికే లాగుతుంది, లోపల వాళ్లకు కూడా అది చూడటం కష్టమే.